ఏడో నంబరు టెంటు

సోమవారం పొద్దున్నే వంజంగి నుంచి
పదకొండు టెంట్లు తిరిగొస్తాయి.
మబ్బులు చూసొచ్చినవాళ్లు
మబ్బుల్ని కూడా మడిచి పంపేస్తారు:
సంచి మూతి విప్పగానే ముఖానికి కొట్టే తడి,
మాగీ వాసన, ఎవరిదో సెంటు,
ఒక మూల చితికిపోయిన అరటిపండు.

కంచరపాలెంలో మేం అద్దెకున్న మేడ మీద
నీళ్ల ట్యాంకుకీ మెట్ల గదికీ మధ్య
నైలాన్ తాడు కట్టి ఆరేస్తాను.
ఎండలో కాదు, నీడలో.
ఎండ గుడ్డని తినేస్తుందని
ఓనరు భానోజీ గారు మొదటి రోజే చెప్పారు.
తడిమీద మడిస్తే బూజు తినేస్తుందనీ చెప్పారు.
రెండూ తినకుండా ఎలా దాచాలో
ఒక నెల జీతం కోత పడ్డాక తెలిసింది.

డిటర్జెంటు వెయ్యకూడదు,
నీళ్లనాపే పూత దాంతోపాటే పోతుంది.
మా నూకరత్నం మామ్మ తలంటుకి దాచుకున్న కుంకుడుకాయలు
రాత్రి నానబెట్టి, పొద్దున్న పిసికి,
ఆ నురగతో మెల్లగా రుద్దుతాను,
జ్వరమొచ్చిన పిల్లాడి వీపు తుడిచినట్టు.
"నా జుట్టుకి నేవు గానీ
నీ గుడారాలకున్నాయేటిరా" అంటుంది మామ్మ.

సముద్రం మా వీధికి కనబడదు.
కానీ రాత్రిళ్లు వచ్చి
జిప్పుల పళ్ల సందుల్లో కూచుంటుంది,
ముందు తెల్లగా, తర్వాత పచ్చటి చిలుమై.
పాత టూత్‌బ్రష్షుతో తోమి
కొవ్వొత్తి ముక్క రాస్తాను.
జిప్పు అప్పుడు
ఏ గొడవా లేని ఇంట్లో తలుపులా జరుగుతుంది.

ఈసారి ఏడో నంబరు మీద ఫిర్యాదు:
కారిందట. సగం డబ్బులు వాపసు ఇచ్చారట.
మగ్గుతో పోసి చూశాను, కారలేదు.
లోపలి జేబులో మాత్రం
టిష్యూ కాగితంలో చుట్టిన పాలపన్ను దొరికింది.
కొండమీద ఊడినట్టుంది.
గుడ్డ కప్పు మీదకి విసిరితే నిలవదు కదా,
ఇంటికెళ్లి విసురుదామని దాచి
మర్చిపోయుంటారు.

బుధవారం రాత్రి గాలి తిరిగింది.
వాన అడ్డంగా వచ్చింది.
టార్చి పట్టుకుని ఏడో నంబర్లో దూరాను,
ఎక్కడ కారుతుందో వానే చెప్పాలి.
కింద గూడ్సు బండి ఒకటి
మొత్తం వీధిని ఈడ్చుకుంటూ పోతోంది.

మామ్మ గోనెసంచి నెత్తిన కప్పుకుని వచ్చి
"జరగరా" అని నా పక్కన కూచుంది.
చాలాసేపు ఏం మాట్లాడలేదు.
తర్వాత, "హుదూద్‌కి బరకం కింద
ఎన్నాళ్లున్నాం?" అంది.
పదకొండు రోజులు. నాకు తొమ్మిదేళ్లు.
మా రేకులు ఎగిరి ఎవరింటి మీద వాలాయో
ఇప్పటికీ తెలీదు.
ఆ నీలం బరకాన్ని ఎవరూ కుంకుళ్లతో కడగలేదు.
నీడ చూసి ఆరేయలేదు.
ఉన్న నీడే అది.
చిరిగేదాకా కప్పుకున్నాం,
చిరిగాక కోళ్లగూటికి కప్పాం.

"ఇదుగో, ఇక్కడ్రా."
ఆవిడ నుదుటి మీద ఒక చుక్క,
ఆ వెనకే ఇంకోటి.
తలెత్తి చూస్తే కుట్టు దగ్గర
ఆవగింజంత మెరుపు.
పెన్ను కోసం నేను తడుముకుంటుంటే
మామ్మ అక్కడ వేలు పెట్టింది.
వాన తగ్గేదాకా తియ్యలేదు.

పొద్దున్న ఆ కుట్టు మీద జిగురు రెండు పూతలు,
పూతకీ పూతకీ మధ్య ఒక మధ్యాహ్నం.
పాలపన్నుని మెట్ల గది రేకు మీదకి విసిరాను.
ఎవరి పిల్లదో, పేరు తెలీక
ఊరికే "మంచి పన్ను రావాలి" అన్నాను.
ఠంగుమని మోగి అక్కడే ఆగింది.

పాత మడత మీద మళ్లీ మడవకూడదు,
గుడ్డ ఆ గీత మీదే చిట్లుతుంది.
ఈసారి వేరేగా మడిచాను.
శుక్రవారం సాయంత్రం వ్యాను ఎక్కింది ఏడో నంబరు.
నేనింకా వంజంగి చూడలేదు.
పిట్టగోడ మీంచి వ్యానునే చూస్తూ మామ్మ,
"ఎవులు తొంగుంటారో ఏటో" అని
మిగిలిన కుంకుళ్లు లెక్కపెట్టుకుంది.